ఇంటి చరిత్రలు – 14: తినే చోటు, పడుకునే చోటు

గత భాగంలో జపాను పల్లె ఇంటి దగ్గర ఆగాం. షిరకావా లోయలో మంచు నిలవకుండా ఏటవాలుగా ఎత్తిన గడ్డి కప్పు, దాని కింద అటకల మీద పట్టుపురుగుల పెంపకం, కప్పు మార్చే రోజున ఊరంతా కదిలి వచ్చే ఆనవాయితీ చూశాం. ఈసారి పట్నానికి వద్దాం. జపాను ఇల్లు ఈనాటి రూపానికి ఎలా వచ్చిందో తెలియాలంటే కోటలూ తేనీటి గదులూ చూస్తే చాలదు. అద్దె ఇళ్ళు చూడాలి. ఒక్క గదిలో నలుగురైదుగురు ఎలా సర్దుకుని బతికారో చూడాలి. ఆ దేశంలో కోట్లమంది ఇంటిని మార్చిన నక్షా ఆ ఇరుకులోంచే పుట్టింది.

ముందు చాప సంగతి చెప్పుకోవాలి. వరిగడ్డిని గట్టిగా అదిమి కుట్టి, పైన తుంగ జాతి గడ్డితో నేసిన చాప తొడిగితే తతామీ తయారవుతుంది. వెయ్యేళ్ళ కిందట క్యోటో ప్రభువుల ఇళ్ళలో నేలంతా చెక్కే. మనిషి కూర్చునే చోట మాత్రం తతామీ వేసేవారు. దాని మందం, అంచు గుడ్డ రంగు కూర్చునేవారి హోదాను బట్టి ఉండేవి. గోడ నుంచి గోడ దాకా పరిచే అలవాటు 15వ శతాబ్దానికి స్థిరపడింది. క్యోటోలో వెండి మండపంగా పేరుపడ్డ గింకాకు ఆవరణలో 1486లో అషికాగా యోషిమాసా కట్టించుకున్న చిన్న మందిరం ఇప్పటికీ ఉంది. అందులో నాలుగున్నర చాపల గది ఒకటి. తర్వాత వచ్చిన తేనీటి గదులకూ సామాన్యుల గదులకూ ఆ కొలతే దారి చూపింది. అప్పటినుంచి గదిని చాపల్లోనే లెక్కపెట్టారు. ఇవాళ టోక్యోలో ఇల్లు అద్దెకిస్తామనే ప్రకటనలో కూడా గది ఆరు చాపలా, ఎనిమిది చాపలా అనే ఉంటుంది.

అయితే చాప అన్నిచోట్లా ఒకటి కాదు. క్యోటో చాప పొడవు సుమారు 191 సెంటీమీటర్లు. టోక్యో చాప 176. క్యోటో, ఒసాకా వైపు చాప కొలత ముందే ఖాయం చేసుకుని, దాని చుట్టూ స్తంభాలు నిలిపేవారు. ఎదో వైపు, అంటే నేటి టోక్యో వైపు, ముందు స్తంభానికీ స్తంభానికీ దూరం ఖాయం చేసి, మిగిలిన జాగాకు చాప కోసేవారు. వడ్రంగి పనిలో ఇది చిన్న తేడాయే. బతుకులో మాత్రం పెద్ద తేడా తెచ్చింది. చాపలన్నీ ఒకే కొలత కాబట్టి ఒసాకాలో ఇంటి యజమాని బోసి ఇల్లు అద్దెకిచ్చేవాడు. లోపల చాపలుండవు, జారుడు తలుపులుండవు. అద్దెకొచ్చినవాళ్ళు తమ చాపలూ తలుపులూ తెచ్చుకుని అమర్చుకునేవారు. ఇల్లు మారేటప్పుడు బండికెత్తుకుని పోయేవారు. కొత్త ఇంట్లోనూ అవి చక్కగా సరిపోయేవి. కర్మాగారాల్లో గోడలు అచ్చుపోసి అమ్మే కాలానికి ఎంతో ముందే, ఇంటి భాగాలకు ఒకే కొలత పెట్టి ఊరంతా వాడుకున్న జనం వాళ్ళు. జపాను తర్వాతి కథలో ఈ గుణం మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది.

ఎదో నగరం 18వ శతాబ్దానికి పది లక్షల జనాభాతో ప్రపంచంలోకెల్లా పెద్ద నగరాల్లో ఒకటి. నేలలో సగానికి పైగా సమురాయ్ కుటుంబాల చేతుల్లో ఉండేది. మిగిలిన కొద్ది జాగాలో వర్తకులూ పనివాళ్ళూ కిక్కిరిసి ఉండేవారు. పెద్ద వీధి మీద దుకాణాలు. వాటి మధ్య సందులోంచి లోపలికి పోతే ఒకే కప్పు కింద వరసగా ఇళ్ళు. వీటిని నగాయా అనేవారు. వాటిలో అతి మామూలు ఇల్లు ముందువైపు 2.7 మీటర్లు, లోతు 3.6 మీటర్లు. అంటే మన లెక్కలో నూరు చదరపు అడుగుల పైచిలుకు. తలుపు జరిపితే మట్టి నేల. అక్కడే పొయ్యి, నీళ్ళ జాడీ. అక్కడినుంచి ఒక మెట్టు ఎక్కితే నాలుగున్నర చాపల గది. ఇల్లంటే అంతే. పరుపులు మడిచి ఓ మూల పెట్టి, అడ్డంగా తెర నిలబెట్టేవారు. వడ్రంగులూ, గొడుగులు చేసేవాళ్ళూ, కుట్టుపని చేసే ఆడవాళ్ళూ ఆ గదిలోనే పని చేసుకుని, అక్కడే తిని, అక్కడే పడుకునేవారు. భోజనానికి ఎవరి చిన్న పెట్టె వారిది. మూత తిరగేస్తే అదే పళ్ళెం, లోపల ఎవరి గిన్నెలు వారివి. తిన్నాక గిన్నెలో వేడి నీళ్ళో తేనీరో పోసి తొలిచి తాగి, మళ్ళీ పెట్టెలో పెట్టేసుకునేవారు.

సందు చివర అందరికీ ఒక బావి, అందరికీ మరుగుదొడ్లు. ఆ మరుగుదొడ్ల ఎరువును చుట్టుపక్కల రైతులు కొనుక్కుపోయేవారు. ఆ సొమ్ము వరసిళ్ళను చూసుకునే పెద్దకు చెందేది. పక్కింటి గోడ పలచని చెక్క. దగ్గినా వినబడేది. ఇక నిప్పు అంటుకుంటే సందు మొత్తం పోయేది. 1657లో వచ్చిన అగ్నిప్రమాదం నగరంలో చాలా భాగాన్ని మింగింది. చనిపోయినవాళ్ళు లక్ష దాకా ఉంటారని పాత లెక్కలు చెబుతాయి. కాలిపోయేదే కదా అని వరసిళ్ళను తక్కువ ఖర్చులో, త్వరగా లేపేలాగే కట్టేవారు.

జపాను ఇంటిని పొగిడిన విదేశీ వాస్తుశిల్పులు చాలామంది ఉన్నారు. 1933లో వచ్చిన జర్మను వాస్తుశిల్పి బ్రూనో టౌట్ క్యోటో దగ్గరి కత్సురా విడిదిని చూసి పరవశించిపోయాడు. ఆ ఇంట్లో ఏ గదీ ఒక్క పనికే కట్టుబడదు. పొద్దున పరుపు మడిచి అలమరలో పెడితే పడకగది కూర్చునే గది అవుతుంది. నాలుగు జారుడు తలుపులు తీసేస్తే మూడు గదులు ఒక్కటవుతాయి. ఈ అందాన్ని కాదనలేం. పది గదులున్న ఇంట్లో అది స్వేచ్ఛ. ఒక్కటే గది ఉన్న ఇంట్లో అదే గతిలేనితనం. జ్వరంతో ఒకరు పడుకుంటే మిగతావాళ్ళు ఆ పక్కనే తినాలి. రాత్రి పని చేసొచ్చినవాడు పగలు పడుకుంటే పిల్లలు వీధిలో ఉండాలి. పరుపు దులిపిన దుమ్ము అన్నంలో పడుతుంది. జపాను ఇంటి గురించి రాసిన పుస్తకాల్లో మొదటి సంగతికి దొరికినంత చోటు ఈ రెండో సంగతికి దొరకలేదు.

మేయిజీ చక్రవర్తి కాలంలో ధనికులు జపాను ఇంటి పక్కనే పడమటి దేశాల తరహా మేడ కట్టుకున్నారు. అతిథులకు మేడ, ఇంటివాళ్ళకు చాపలు. మిత్సుబిషి యజమానులైన ఇవాసాకి కుటుంబానికి 1896లో ఇంగ్లీషు వాస్తుశిల్పి జొసయా కాండర్ కట్టించిన మేడ టోక్యోలో ఇప్పటికీ చూడవచ్చు. మధ్యతరగతివాళ్ళు దాన్ని చూసి గుమ్మం పక్కన ఒక్క గది మాత్రం కుర్చీలతో, గాజు కిటికీలతో పెట్టుకున్నారు. 1922లో ఉయెనోలో జరిగిన ప్రదర్శనలో ‘సంస్కృతి గ్రామం’ పేరుతో నమూనా ఇళ్ళు కట్టి చూపించారు. పేదల గదికి వీటివల్ల మారిందేమీ లేదు.

1923 సెప్టెంబరు 1న మధ్యాహ్నం 12 గంటలకు రెండు నిమిషాల ముందు భూమి కంపించింది. ఇళ్ళలో పొయ్యిల మీద వంటలు ఉడుకుతున్నాయి. గాలి బలంగా ఉంది. టోక్యో, యొకొహామాలలో లక్షమందికి పైగా చనిపోయారు, వాళ్ళలో ఎక్కువమంది మంటల్లోనే. ఆ మరుసటి ఏడు చందాల సొమ్ముతో దోజున్‌కాయ్ అనే సంస్థ పుట్టి, రెండు నగరాల్లోనూ పదహారు చోట్ల కాంక్రీటు అపార్ట్‌మెంట్లు కట్టింది. కుళాయి నీళ్ళు, గ్యాసు, నీటితో శుభ్రమయ్యే మరుగుదొడ్డి. అయినా అన్నీ కలిపి మూడు వేల ఇళ్ళ లోపే. కాంక్రీటు మేడలో కూలివాళ్ళ కాపురం అప్పటికి కొత్త కాదు. నాగసాకి దగ్గర హషిమా అనే బొగ్గు గని ద్వీపంలో 1916లోనే గని కార్మికులకు ఏడంతస్తుల కాంక్రీటు భవనం లేచింది. అది జాగా లేక చేసిన పని.

ఇక్కడికి అసలు మనిషి దగ్గరికి వచ్చాం. నిషియామా ఉజో 1911లో ఒసాకాలో పుట్టాడు. క్యోటో విశ్వవిద్యాలయంలో వాస్తువిద్య చదివాడు. తోటివాళ్ళు కొత్త కొత్త భవనాలు గీస్తూ ఉంటే, ఇతను సామాన్యుల అద్దె ఇళ్ళు తిరిగాడు. ఒసాకా, క్యోటో, నగోయాలలో ఏ ఇంట్లో ఎన్ని చాపలు, ఎవరు ఎక్కడ పడుకుంటారు, ఎక్కడ తింటారు అని వేల ఇళ్ళ వివరాలు పోగుచేశాడు. బొమ్మలు గీశాడు. అప్పటి అధికారుల ఆలోచన వేరుగా ఉండేది. జపాను గది అన్ని పనులకూ పనికొస్తుంది కదా, చిన్న ఇంటికి చిన్న గదులు రెండెందుకు, పెద్ద గది ఒకటి చాలు, పగలు తింటారు, రాత్రి పడుకుంటారు అనేవారు. కాగితం మీద ఈ లెక్క బాగానే కనిపిస్తుంది.

నిషియామా చూసిన ఇళ్ళు అలా లేవు. ఇల్లు ఎంత చిన్నదైనా, రెండు గదులుంటే చాలు, జనం చిన్న గదిని తినడానికి అట్టేపెట్టుకుని, రెండో గదిలో అందరూ ఇరుక్కుని పడుకుంటున్నారు. ఇంట్లో మనుషుల సంఖ్య పెరిగినా, పక్కలు వేసుకోవడానికి చోటు చాలకపోయినా, తినే గదిలోకి పరుపు తేవడానికి మనసొప్పుకోవడం లేదు. పొద్దున్నే లేచేవాళ్ళూ ఆలస్యంగా లేచేవాళ్ళూ ఒకే ఇంట్లో ఉన్నప్పుడు, అందరి పరుపులూ తీసేదాకా అన్నం వడ్డించకుండా కూర్చోలేరు కదా. ఎవరూ చెప్పకుండానే, పేదవాళ్ళు తమంతట తాముగా ఏర్పాటు చేసుకున్న నియమం ఇది. ఎంత చిన్న ఇల్లైనా తినే చోటూ పడుకునే చోటూ వేరుగా ఉండాలి, అంతకంటే తక్కువైతే దాన్ని ఇల్లు అనకూడదని 1942లో నిషియామా రాశాడు. యుద్ధం జోరుగా ఉన్న రోజులవి. కనీస కొలతలు ఇంకా తగ్గించాలని చూస్తున్న ప్రభుత్వం ఎదుట ఈ మాట అనడానికి ధైర్యం కావాలి. నా దృష్టిలో ఆ దేశపు గృహచరిత్రలో ఇంతకన్నా పెద్ద మలుపు లేదు.

యుద్ధం ముగిసేసరికి నగరాలు బూడిదకుప్పలు. 1945 మార్చి 10న ఒక్క రాత్రి బాంబులకే టోక్యోలో సుమారు లక్షమంది చనిపోయారు. దేశం మొత్తానికి 42 లక్షల ఇళ్ళు తక్కువని లెక్క తేలింది. తగలబడిన రేకులతో వేసుకున్న గుడిసెల్లో, బాంబుల నుంచి దాక్కోవడానికి తవ్విన గోతుల్లో, పాత బస్సుల్లో కాపురాలు. 1951లో ప్రభుత్వ గృహాల చట్టం వచ్చింది. కట్టబోయే ఇళ్ళకు దేశమంతటికీ నమూనా నక్షాలు కావాలి. టోక్యో విశ్వవిద్యాలయంలో యొషితాకే యసుమి, అతని దగ్గర పనిచేసే కుర్రవాడు సుజుకి షిగెబుమి ఆ పని మీద కూర్చున్నారు. ఏ, బి, సి అని మూడు కొలతలు. అన్నింటిలోకీ చిన్నదైన సి రకానికి దక్కింది 12 త్సుబోలు, అంటే 40 చదరపు మీటర్ల లోపు. దాన్నే 51సి అంటారు.

ఆ కాస్త జాగాలో నిషియామా పెట్టిన షరతు ఎలా తీర్చాలి? పడుకోవడానికి రెండు గదులు కావాలి, తల్లిదండ్రులకొకటి, పిల్లలకొకటి. ఆ రెండింటి మధ్య జారుడు తలుపు కాకుండా గట్టి గోడే గీశారు. ఇక తినడానికి వేరే గది పెడదామంటే చోటు లేదు. అప్పుడు వాళ్ళు వంటగదిని కాస్త పెంచి, చెక్క నేల వేసి, అక్కడే బల్ల వేసి తినేలా చేశారు. ఇవాళ మనకిది మామూలే. అప్పటి జపానుకు మామూలు కాదు. వంటగది అంటే ఇంటి వెనక చలీ చీకటీ నిండిన మూల. పొగ, తడి నేల. అన్నం తినేది చాప మీద, మడత కాళ్ళ పొట్టి బల్ల చుట్టూ. వంట చేసే చోట కుర్చీ వేసుకుని కూర్చుని తినడమంటే పరువు తక్కువని చాలామంది అనుకున్నారు.

ఈ మార్పును వాదించి నిలబెట్టినవాళ్ళలో హమాగుచి మిహో పేరు తప్పకుండా చెప్పాలి. జపానులో ప్రథమ శ్రేణి వాస్తుశిల్పిగా అర్హత పొందిన మొదటి మహిళ ఆమె. జపాను ఇంట్లో భూస్వామ్య పోకడ ఎలా దాగుందో చెబుతూ 1949లో ఒక పుస్తకం రాసింది. మంచి వెలుతురున్న గది అతిథికి, అలంకరణ గూడున్న చోటు యజమానికి, ఇంట్లో ఎక్కువ గంటలు నిలబడే ఆడమనిషికి అన్నిటికంటే చెడ్డ మూల ఇచ్చారని ఎత్తిచూపింది. తర్వాత ప్రభుత్వ గృహసంస్థకు వంటగది రూపొందించడంలో సాయపడింది. అంట్లు కడిగే తొట్టి మధ్యలో, ఒక పక్క కూరలు తరిగే చోటు, మరో పక్క పొయ్యి. అడుగులు తగ్గేలా అమర్చింది. అంతకుముందు తొట్టెలు రాతిపొడి సిమెంటుతో పోసేవారు. అవి పగిలేవి, పాచిపట్టేవి. స్టెయిన్‌లెస్ స్టీలు తొట్టి కావాలంటే ముక్కలు అతికించాలి కాబట్టి ఖరీదు ఎక్కువ. 1956 నాటికి ఒకే రేకును యంత్రం కింద నొక్కి తొట్టి తీసే పద్ధతి కుదిరింది. వేల ఇళ్ళకు ఒకేసారి కొంటామని సంస్థ మాటివ్వడంతో ధర దిగింది. మెరిసే తొట్టి సామాన్యుడి ఇంటికి చేరింది.

ఆ సంస్థ 1955లో పుట్టింది. అదే జపాను గృహనిర్మాణ సంస్థ. మరుసటి ఏడు ఒసాకా దగ్గర సకాయ్‌లో కనాఓకా అనే చోట దాని మొదటి కాలనీ సిద్ధమైంది. ఇలాంటి కాలనీని దాన్చి అంటారు. నాలుగైదంతస్తుల కాంక్రీటు భవనాలు వరసగా, మధ్యలో గడ్డి, పిల్లలకు ఆటస్థలం. ప్రతి ఇంటికీ స్నానాల తొట్టి ఉండడం అప్పటికి గొప్ప. ఇంటింటికీ ఇనుప తలుపు, దానికి గట్టి తాళం. ఈ తాళం గురించి కొంచెం ఆగి చెప్పాలి. కాగితం, చెక్క జారుడు తలుపులున్న ఇంటిని ఖాళీగా వదిలి పోలేరు. ఎప్పుడూ ఎవరో ఒకరు కాపలా ఉండాలి. ఆ ఎవరో ఒకరు సాధారణంగా కోడలో, ముసలి తల్లో. ఒక తాళంచెవితో తలుపు మూసి భార్యాభర్తలిద్దరూ కలిసి బయటికి పోగలగడం దాన్చిలోనే చాలామందికి మొదటిసారి అనుభవమైంది. గోడలూ కప్పుల గురించి వందల పేజీలు రాసిన చరిత్రకారులు ఈ తాళాన్ని కూడా అంతే శ్రద్ధగా చూడాలి.

అద్దెకు దిగినవాళ్ళకు కుర్చీబల్లల అలవాటు లేదు. వంటగదిలో కూడా చాప పరుచుకుని కూర్చుంటారేమోనని, తొలి ఇళ్ళలో సంస్థే బల్ల అమర్చి ఇచ్చింది. జనం కుర్చీలు కొనుక్కున్నారు. 1955లోనే విద్యుత్తుతో అన్నం వండే కుక్కరు బజారుకొచ్చింది. బట్టలుతికే యంత్రం, ఫ్రిజ్, టీవీ వెంట వచ్చాయి. ఇళ్ళకోసం చీటీలు వేస్తే ఒక్కో ఇంటికి పదులకొద్దీ అర్జీలు. 1958లో ఒక వారపత్రిక ‘దాన్చి జాతి’ అని ఈ కొత్త కాపురాలకు పేరు పెట్టింది. 1960లో యువరాజు అకిహితో, యువరాణి మిచికో టోక్యో శివార్లలోని హిబారిగావోకా దాన్చికి వెళ్ళి ఒక కుటుంబం ఇల్లు చూశారు. పేదల ఇరుకు గదుల లెక్కలోంచి పుట్టిన వంటగదిలోకి రాజకుటుంబం అడుగుపెట్టింది.

అన్నీ లాభాలే కావు. దాన్చిలో చాప కుదించుకుపోయింది. పొడవు 170 సెంటీమీటర్లు. క్యోటో లెక్కన ఆరు చాపల గది దాదాపు 11 చదరపు మీటర్లుంటే, దాన్చిలో ఆరు చాపలంటే తొమ్మిది మీటర్లు కూడా లేదు. లెక్క అదే, గది వేరు. పెరటివైపు కూర్చునే అరుగు పోయింది. ఒకే కొలత చాపలతో ఇల్లు మారే స్వేచ్ఛా పోయింది. ముసలి తల్లిదండ్రులకు నక్షాలో చోటు లేదు. తర్వాత ఇళ్ళ వ్యాపారులు పడకగదుల సంఖ్య, దాని పక్కన భోజనం, వంట, హాలు అనే అక్షరాలు వేసి, కుటుంబాన్ని ఆ లెక్కలోకి సర్దడం మొదలుపెట్టారు. తన 51సిని దానికి మూలమనడం సుజుకి షిగెబుమికి చివరిదాకా ఒప్పుదల కాలేదు. అతని వాదనలో నిజముంది. కరువురోజుల్లో మనుషుల్ని చూసి గీసిన నక్షా వేరు, సంపద వచ్చాక మనుషుల్ని చూడకుండా అచ్చుగుద్దిన నక్షా వేరు.

సంపద వేగంగానే వచ్చింది. 1959లో దాయివా సంస్థ మూడు గంటల్లో పెరట్లో నిలబెట్టగలిగే చిన్న గదిని అమ్మింది. పిల్లల చదువుకోసమని జనం ఎగబడి కొన్నారు. కర్మాగారంలో తయారయ్యే ఇళ్ళకు అది నాంది. 1968కి దేశంలో కుటుంబాల కంటే ఇళ్ళే ఎక్కువయ్యాయి. 1973కి ఏ రాష్ట్రంలో చూసినా అదే పరిస్థితి. కొరత తీరాక కూడా కూల్చి కట్టడం ఆగలేదు. జపానులో కూల్చేసే ఇంటి సగటు వయసు ముప్పై ఏళ్ళకు అటూ ఇటూగా ఉంటూ వచ్చింది. నేలకు విలువ నిలుస్తుంది, పైనున్న ఇంటికి ఇరవై పాతికేళ్ళలో బజారు విలువ సున్నాకు దిగుతుంది. భూకంపాల భయం కూడా తోడైంది. 1981లో కట్టడాల నియమాలు బాగా బిగించారు. 1995 జనవరిలో కోబే కంపించినప్పుడు 6,434 మంది చనిపోయారు. వాళ్ళలో చాలామంది పాత చెక్క ఇళ్ళ కింద నలిగిపోయినవాళ్ళే. మట్టి పోసి పరిచిన బరువు పెంకులు పైన, అడ్డు కట్లు లేని పలచని గోడలు కింద. వేసవి గాలికి తెరుచుకోవడం కోసం గోడలు తగ్గించి కట్టిన ఇల్లు, నేల ఊగినప్పుడు నిలబడలేకపోయింది. అందుకే పాత ఇళ్ళ మీద జపానువాళ్ళకు నమ్మకం పోయిందంటే తప్పుపట్టలేం.

2023 సర్వేలో దేశంలో ఖాళీగా పడున్న ఇళ్ళు 90 లక్షలు తేలాయి. మొత్తం ఇళ్ళలో 13.8 శాతం. 42 లక్షల ఇళ్ళు లేక గోతుల్లో పడుకున్న తరం ఇంకా పూర్తిగా వెళ్ళిపోకముందే ఇదీ లెక్క. ఆనాటి దాన్చి జంటలు ముసలివాళ్ళయ్యారు. ఐదంతస్తులకు లిఫ్టు లేదు. గట్టి తాళం వేసుకున్న తలుపు వెనక ఒంటరిగా చనిపోయి ఎన్నాళ్ళకో కనబడేవాళ్ళు పెరగడంతో, మత్సుదో నగరంలోని తొకివాదాయిరా దాన్చి వాసులు ఇరుగుపొరుగు బాగోగులు తెలుసుకునే ఉద్యమమే మొదలుపెట్టారు.

అదే సమయంలో దాన్చిల్లోకి కొత్త జనం వస్తున్నారు. పాత గృహసంస్థ వారసురాలైన యూఆర్ సంస్థ ఇళ్ళకు జామీను ఇచ్చే మనిషి అక్కర్లేదు, ఇంటి యజమానికి తిరిగిరాని కానుక డబ్బు ఇవ్వక్కర్లేదు. ఊళ్ళో తెలిసినవాళ్ళు లేని విదేశీయుడికి అది పెద్ద వెసులుబాటు. 2000 ప్రాంతం నుంచి సాఫ్ట్‌వేర్ పనిమీద వచ్చిన భారతీయులు టోక్యో తూర్పున నిషి కసాయ్ చుట్టుపక్కల ఈ ఇళ్ళలోనే ఎక్కువగా కుదురుకున్నారు. వాళ్ళలో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. ఇల్లు చూడ్డానికి వెళ్ళినవారి చేతికి మొదట వచ్చే నక్షా కాగితం మీద పడకగదుల అంకె, దాని పక్కన భోజనానికీ వంటకూ కలిపి ఒకే గది అని చెప్పే గుర్తు ఇప్పటికీ ఉంటాయి.

(వచ్చే భాగం: 1961లో బుకిట్ హో స్వీ గుడిసెలు కాలిపోయిన తర్వాత సింగపూరు కట్టిన ఇళ్ళు)